డబ్బు ఒకరిది, దస్తావేజు మరొకరిది: కుటుంబాల్లో బినామీ తగాదాలను చట్టం ఎలా చూస్తుంది?

గల్ఫ్‌లో పదిహేనేళ్లు పనిచేసిన అన్న నెలనెలా డబ్బు పంపిస్తాడు. ఊళ్లో ఉన్న తమ్ముడు ఆ డబ్బుతో స్థలం కొని తన పేరున రిజిస్ట్రేషన్ చేయించుకుంటాడు. అప్పట్లో ఇద్దరికీ అందులో తప్పేమీ కనిపించదు. అన్న తిరిగొచ్చి స్థలం అడిగేసరికి తమ్ముడికి పెళ్లయి, పిల్లలు పుట్టి, స్థలం ధర పదింతలై ఉంటుంది. పెద్దమనుషుల పంచాయితీ తెగదు. అన్న కోర్టుకు వెళతాడు. ‘డబ్బు నాది, పేరు మాత్రమే తమ్ముడిది’ అని దావాలో రాయిస్తాడు.

అతని కేసుకు బలం ఆ వాక్యమే. కేసును ముంచేదీ అదే. డబ్బు ఒకరు పెట్టి, భవిష్యత్తులో తానే అనుభవించాలని ఇంకొకరి పేరున ఆస్తి కొనడాన్నే చట్టం బినామీ లావాదేవీ అంటుంది. అలాంటి ఆస్తి తనదని దావా వేసే హక్కును 1988లోనే తీసేసింది. కుటుంబంలో నమ్మకం మీద జరిగే కొనుగోళ్లకు చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది గానీ, అది అందరు బంధువులకూ ఒకేలా వర్తించదు.

పేరు మార్చడం వెనక కారణాలు

బినామీ అనే మాట పారశీకం నుంచి వచ్చింది. ‘పేరు లేకుండా’ అని దాని అర్థం. ఇవాళ ఆ మాట వినగానే నల్లధనం, రాజకీయ నాయకుల డ్రైవర్ల పేరున ఉన్న ఎకరాలు గుర్తొస్తాయి. కానీ మామూలు కుటుంబాల్లో ఇలాంటి కొనుగోళ్లకు వేరే కారణాలు చాలా ఉంటాయి. తల్లిదండ్రుల మీద గౌరవంతో కొన్న మొదటి ఇల్లు వాళ్ల పేరున పెట్టేవారున్నారు. వ్యాపారంలో అప్పులవాళ్ల భయంతో భార్య పేరున కొనేవారున్నారు. ఢిల్లీ వంటి చోట్ల మహిళల పేరున రిజిస్టర్ చేస్తే స్టాంపు డ్యూటీ తగ్గుతుంది. సంతకం పెట్టడానికి ఊళ్లో ఉన్నది తమ్ముడొక్కడే కాబట్టి అతని పేరున కొన్న సందర్భాలకూ లెక్కలేదు.

తెలుగు రాష్ట్రాల్లో దీనికి రెండు ప్రత్యేక కారణాలు కలిశాయి. మొదటిది 1973 నాటి ఆంధ్రప్రదేశ్ భూసంస్కరణల చట్టం. వ్యవసాయ భూమికి గరిష్ఠ పరిమితి పెట్టడంతో కొందరు భూమిని బంధువుల పేర్ల మీదికి మార్చుకున్నారు. రెండోది వలస. ప్రవాస భారతీయులు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్‌లు కొనడానికి విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) నిబంధనలు ఒప్పుకోవు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. దాంతో అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉన్న కొడుకు సంపాదనతో ఊళ్లో పొలం కొనాలంటే తండ్రి పేరో, అన్న పేరో, బావమరిది పేరో అవసరమవుతుంది.

ఒకప్పుడు చెల్లిన పద్ధతి

బినామీ కొనుగోలు మొదటినుంచీ నేరం కాదు. 1854లో ప్రీవీ కౌన్సిల్ ముందుకు బెంగాల్ నుంచి ఒక కేసు వచ్చింది. తండ్రి డబ్బుతో కొడుకు పేరున కొన్న ఆస్తి అది. ఇంగ్లండులోనైతే తండ్రి దాన్ని కొడుక్కి బహుమతిగా ఇచ్చాడని ముందుగా భావిస్తారు. భారతదేశంలో అలాంటి భావనకు తావులేదని, డబ్బు పెట్టినవాడే యజమాని అని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. 1882 నాటి ఇండియన్ ట్రస్టుల చట్టం 82వ సెక్షన్ ఇదే సూత్రాన్ని చట్టంలోకి తెచ్చింది. పేరున్నవాడు డబ్బు పెట్టినవాడి కోసం ఆస్తిని కాపాడే ధర్మకర్త లాంటివాడు. దస్తావేజులో ఏ పేరున్నా, కోర్టు దాని వెనకున్న నిజాన్ని చూసేది.

1973లో లా కమిషన్ 57వ నివేదికలో ఈ పద్ధతిని సమీక్షించింది. 1988 మే 19న ఆర్డినెన్స్, ఆ వెంటనే బినామీ లావాదేవీల (నిషేధ) చట్టం వచ్చాయి. ట్రస్టుల చట్టంలోని 82వ సెక్షన్ రద్దయింది. కొత్త చట్టంలోని 4వ సెక్షన్ రెండు దారులు మూసేసింది. బినామీ ఆస్తి తనదేనని అసలు యజమాని దావా వేయకూడదు. ఎవరైనా తన మీద దావా వేస్తే, ‘ఆస్తి నిజానికి నాదే’ అని ప్రతివాదన కూడా చేయకూడదు.

అప్పుడిచ్చిన మినహాయింపులు కొన్నే. భార్య పేరున, పెళ్లికాని కూతురి పేరున కొనడం నిషేధంలోకి రాలేదు. అయితే అది వాళ్ల మేలు కోసమే కొన్నట్టు చట్టం భావిస్తుంది. కాదంటే కొన్నవారే రుజువు చేసుకోవాలి. ఉమ్మడి కుటుంబం కోసం ఒక సభ్యుడి పేరున ఉన్న ఆస్తిని, ధర్మకర్త హోదాలో ఉన్న ఆస్తిని కూడా వదిలారు. బినామీ ఆస్తిని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చని చట్టంలో ఉన్నా, అందుకు కావలసిన నియమాలు ఇరవై ఎనిమిదేళ్లు రాలేదు. అందుకే చాలా కుటుంబాలకు ఈ చట్టం ఉందన్న సంగతే తెలియలేదు.

2016 తర్వాత: ఎవరి పేరున కొన్నారన్నదే ముఖ్యం

2016 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఈ చట్టానికి కోరలు పెట్టింది. చట్టం పేరు బినామీ ఆస్తి లావాదేవీల నిషేధ చట్టంగా మారింది. ఆదాయపు పన్ను శాఖ అధికారులకు నోటీసు ఇచ్చి ఆస్తిని అటాచ్ చేసే అధికారం, కేసు తేల్చడానికి న్యాయనిర్ణయ సంస్థ, ఆపైన అప్పీలు ట్రిబ్యునల్ వచ్చాయి. బంధువుల విషయంలో మినహాయింపులను కూడా తిరగరాశారు.

జీవిత భాగస్వామి, పిల్లలు: భర్త భార్య పేరున, భార్య భర్త పేరున, తల్లిదండ్రులు పిల్లల పేరున కొంటే బినామీ కాదు. ఒకటే షరతు. డబ్బు కొన్నవారి తెలిసిన ఆదాయ మార్గాల నుంచి రావాలి. 1988లో లేని కొడుకు, పెళ్లయిన కూతురు, భర్త ఇప్పుడు ఈ వెసులుబాటులోకి వచ్చారు.

తోబుట్టువులు, తల్లిదండ్రులు, తాతలు, మనవలు: ఇక్కడ ఇంకో షరతు ఉంది. డబ్బు పెట్టినవారి పేరు, బంధువు పేరు రెండూ ఏదైనా పత్రంలో ఉమ్మడి యజమానులుగా కనిపించాలి. కొడుకు తన జీతంతో తల్లి పేరున ఫ్లాట్ కొని, తన పేరు ఎక్కడా పెట్టకపోతే ఈ మినహాయింపు వర్తించదు. అదే ఫ్లాట్ తల్లి కొడుకు పేరున కొంటే వర్తిస్తుంది.

అవిభక్త హిందూ కుటుంబం: కర్త పేరునో సభ్యుడి పేరునో ఉన్నా, ఆస్తి కుటుంబం మేలు కోసం ఉండాలి, డబ్బు కుటుంబానికి తెలిసిన ఆదాయం నుంచి రావాలి.

ధర్మకర్త హోదా: ట్రస్టీ, వీలునామా అమలుదారు, భాగస్వామి, కంపెనీ డైరెక్టరు వంటివారి పేర్లు చట్టంలో ఉన్నాయి.

ఈ జాబితాలో కోడలు, అల్లుడు, వదిన, బావమరిది, మేనల్లుడు, అన్న కొడుకు లేరు. మన కుటుంబాల్లో వాళ్లు ఎంత దగ్గరివాళ్లయినా, ఈ చట్టం ముందు పరాయివాళ్లతో సమానం. ప్రవాస భారతీయుల పొలాల సంగతి ఇంకా చిక్కు. తండ్రి పక్కన తన పేరు కూడా ఉమ్మడి యజమానిగా పెట్టుకుంటే బినామీ చట్టం నుంచి తప్పించుకోవచ్చు గానీ, వ్యవసాయ భూమికి ఆ పేరు పెట్టుకోవడానికి ఫెమా నిబంధనలే అడ్డం.

భార్య పేరున ఆస్తి ఎవరిది?

మినహాయింపు ఉంది కదా అని ఆస్తి డబ్బు పెట్టినవారిదే అయిపోదు. మినహాయింపు వల్ల దావా వేసే అవకాశం మాత్రమే మిగులుతుంది. భార్య పేరున కొన్న ఆస్తి మీద భర్త దావా వేయడాన్ని 4వ సెక్షన్ అడ్డుకోదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. అయితే ఆమె మేలు కోసం కొనలేదని అతనే నిరూపించాలని కూడా స్పష్టం చేసింది.

ఈ విషయంలో హైకోర్టుల తీర్పులు ఒకే దారిలో లేవు. తండ్రి డబ్బుతో తల్లి పేరున కొన్న ఇల్లు బినామీ అంటూ కొడుకు వేసిన కేసులో కలకత్తా హైకోర్టు 2023 జూన్‌లో తీర్పిచ్చింది. భర్త డబ్బు ఇచ్చినంత మాత్రాన బినామీ అయిపోదని, అతని ఉద్దేశం ఏమిటో వాదించేవాళ్లే రుజువు చేయాలని చెప్పింది. 2024 ఫిబ్రవరిలో అలహాబాద్ హైకోర్టు ముందుకు వచ్చిన కేసులో చనిపోయిన తండ్రి ఆస్తిలో కొడుకు నాలుగో వంతు అడిగాడు. సొంత ఆదాయం లేని గృహిణి పేరున భర్త కొన్న ఆస్తిని, ఆమెకు ఆదాయం ఉందని రుజువైతే తప్ప, కుటుంబ ఆస్తిగా భావించవచ్చని ఆ కోర్టు మధ్యంతర ఉత్తర్వుల దశలో అంది.

2023 జూన్‌లోనే మద్రాసు హైకోర్టు ఇంకో కోణం చూపించింది. భర్త సౌదీ అరేబియాలో సంపాదించి పంపిన డబ్బుతో ఇక్కడ ఆస్తులు కొన్నారు. ఇల్లు, పిల్లలు చూసుకున్న భార్య శ్రమ కూడా ఆ సంపాదనలో భాగమేనని, ఆమెకు సమాన వాటా ఉంటుందని కోర్టు చెప్పింది. ఆదాయం లేని ఆమెకు ఆస్తి ఎక్కడిదన్న ప్రశ్నకు ఆ తీర్పు ఒక జవాబు.

ఇక్కడ 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌ను మరవకూడదు. హిందూ స్త్రీ పేరున ఉన్న ఆస్తి మీద ఆమెకు సంపూర్ణ హక్కు ఉంటుంది. ‘ఊరికే పేరు పెట్టాం’ అని ఇంట్లోవాళ్లు పదేళ్ల తర్వాత అన్నంత మాత్రాన ఆ హక్కు పోదు.

కోర్టు చూసే ఆరు సంగతులు

ఒక కొనుగోలు బినామీనా కాదా అని తేల్చడానికి సుప్రీంకోర్టు 1974లో చెప్పిన కొలమానాలే ఇప్పటికీ ఆధారం. డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? కొన్నాక ఆస్తి ఎవరి అనుభవంలో ఉంది? ఇంకొకరి పేరున కొనడానికి కారణం ఏమైనా ఉందా? ఇద్దరి మధ్య బంధుత్వం, వాళ్ల ఆర్థిక స్థితి ఏమిటి? అసలు దస్తావేజులు ఎవరి దగ్గర ఉన్నాయి? కొన్న తర్వాత ఎవరెలా ప్రవర్తించారు?

వీటిలో ఏ ఒక్కటీ దానికదే సరిపోదు. బినామీ అనేవారి మీదే రుజువు భారం ఉంటుంది, అనుమానం రుజువు కాదు అని కూడా అదే తీర్పు చెప్పింది. కుటుంబాల్లో ఈ ప్రశ్నలకు జవాబులు అన్నివైపులా లాగుతాయి. డబ్బు అన్నది, ఆస్తి పన్ను కట్టింది తమ్ముడు, అద్దె తీసుకున్నది తల్లి, పత్రాలు నాన్న బీరువాలో. పైగా దస్తావేజులో రాసిన ధరకూ చేతులు మారిన సొమ్ముకూ పొంతన లేని చోట, నగదుగా ఇచ్చిన భాగానికి ఆధారం దొరకదు. దొరికినా, అది తెలిసిన ఆదాయమేనని చూపడం ఇంకో సమస్య.

కోర్టులు ఇలాంటి కేసులన్నిటినీ గుమ్మంలోనే తిప్పి పంపవు. కొడుకు తన డబ్బుతో తండ్రి పేరున కొన్నానని వేసిన దావాను కింది కోర్టులు విచారణ లేకుండా కొట్టేస్తే, సుప్రీంకోర్టు 2019లో దాన్ని తప్పుబట్టింది. మినహాయింపు వర్తిస్తుందో లేదో సాక్ష్యం చూసే తేల్చాలంది. అంతకుముందు 2012లో బెంగళూరు కేసు ఒకటి వచ్చింది. తల్లి అద్దెకున్న కార్పొరేషన్ ఇంటిని, ఆమె చనిపోయాక ఒక వారసుడి పేరున బదలాయించారు. డబ్బు మాత్రం మిగతావాళ్లూ వేసుకున్నారు. పేరున్న వ్యక్తి ధర్మకర్త హోదాలోనే ఉన్నాడని, కాబట్టి మిగతావారి దావాకు అడ్డు లేదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు పాత చట్టం మాటల మీద వచ్చిందని గుర్తుంచుకోవాలి.

పేరున్నవారు చనిపోతే

అసలు తగాదాలు చాలావరకు ఒక మరణంతో మొదలవుతాయి. బతికున్నంతకాలం మాట మీద నిలబడిన మనిషి పోయాక, ఆస్తి వారసులకు వెళుతుంది. ఆ మాటతో వాళ్లకు సంబంధం ఉండదు.

కొడుకు కొని తల్లి పేరున పెట్టిన ఇల్లు, ఆమె వీలునామా రాయకుండా చనిపోతే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆమె పిల్లలందరికీ, భర్తకూ సమానంగా చెందుతుంది. డబ్బు పెట్టిన కొడుక్కి వచ్చేది ఒక వాటా. తండ్రి కొని కొడుకు పేరున పెట్టిన స్థలం, కొడుకు అర్ధాంతరంగా పోతే, అతని భార్యకూ పిల్లలకూ తల్లికీ వెళుతుంది. తండ్రి మొదటి తరగతి వారసుల్లో లేడు. అన్న డబ్బుతో చెల్లెలి పేరున కొన్న పొలం ఆమె తర్వాత భర్తకూ పిల్లలకూ పోతుంది. వాళ్లెవరూ లేకపోతే భర్త వారసులకు పోతుంది, పుట్టింటికి రాదు. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తికి ఉన్న మినహాయింపు, కొన్న ఆస్తికి లేదు.

తిరిగి రాసిచ్చినా చిక్కే

‘తమ్ముడు మంచివాడు, అడిగితే రాసిచ్చేస్తాడు’ అనుకునేవారికి 6వ సెక్షన్ అడ్డుపడుతుంది. బినామీదారు ఆ ఆస్తిని అసలు యజమానికి గానీ, అతని తరఫువారికి గానీ తిరిగి బదలాయించకూడదు. అలా రాసిన పత్రం చెల్లదు. నిజంగా బినామీ అని తేలితే ఆస్తి పరిహారం లేకుండా ప్రభుత్వానికి జప్తవుతుంది. అప్పుడు అన్నదమ్ములిద్దరికీ మిగిలేదేమీ లేదు. కోర్టులో ఒకరి మీద ఒకరు వేసుకున్న కాగితాలే అధికారుల చేతికి ఆధారాలు కావచ్చు.

జైలు శిక్ష 1988లో గరిష్ఠంగా మూడేళ్లు. ఇప్పుడు ఏడాది నుంచి ఏడేళ్ల కఠిన కారాగారం, ఆస్తి మార్కెట్ విలువలో 25 శాతం వరకు జరిమానా. చట్టాన్ని తప్పించుకోవడానికో, పన్నులు ఎగ్గొట్టడానికో, అప్పులవాళ్లకు అందకుండా చేయడానికో బినామీగా కొన్నవారికి, పేరిచ్చినవారికి, సాయపడ్డవారికి ఇది వర్తిస్తుంది. భూపరిమితి దాటడానికి, ఫెమా నిబంధనను దాటడానికి చేసిన కొనుగోళ్లు ఈ గీతకు ఎంత దగ్గరో వేరే చెప్పనక్కర్లేదు.

పాత కొనుగోళ్ల సంగతి ఇంకా తేలలేదు

2016కు ముందు జరిగిన కొనుగోళ్లకు కొత్త శిక్షలు, జప్తు వర్తిస్తాయా? 2022 ఆగస్టు 23న గణపతి డీల్‌కామ్ కేసులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం వర్తించవని తీర్పిచ్చింది. 1988 చట్టంలోని శిక్ష, జప్తు సెక్షన్లు రాజ్యాంగ విరుద్ధమని కూడా చెప్పింది. ఆ తీర్పుతో చాలా కేసులు ఆగిపోయాయి. కానీ ఆ సెక్షన్ల చెల్లుబాటును ఆ కేసులో ఎవరూ సవాలు చేయలేదన్న కారణంతో, 2024 అక్టోబరు 18న ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం ఆ తీర్పును వెనక్కి తీసుకుని, మళ్లీ విచారణకు పంపింది. కాబట్టి పాత ఆస్తుల విషయంలో 2022 తీర్పును నమ్ముకుని ధీమాగా ఉండటానికి లేదు.

పొరుగు దేశాల్లోనూ ఇదే బాట. బంగ్లాదేశ్ 1984 నాటి భూసంస్కరణల ఆర్డినెన్స్‌తోనే బినామీ కొనుగోళ్లను నిషేధించింది. పాకిస్తాన్ 2017లో ప్రత్యేక చట్టం చేసింది. 1854 తీర్పు వారసత్వాన్ని మూడు దేశాలూ వదిలించుకున్నాయి.

కొనేముందే చేయాల్సింది

తర్వాత కోర్టులో నిరూపించుకోవడం కన్నా, కొనేటప్పుడు ఒక కాగితం రాసుకోవడం తేలిక. తల్లిదండ్రుల పేరున, తోబుట్టువుల పేరున కొంటుంటే దస్తావేజులోనే ఉమ్మడి యజమానిగా పేరు పెట్టించుకోవాలి. డబ్బు బ్యాంకు ద్వారా వెళ్లాలి, అది ఆదాయపు పన్ను రిటర్నులకు పొసగాలి. బంధువుకు కొనుక్కోవడానికి సాయం చేస్తున్నట్టయితే దాన్ని అప్పుగా రాసుకోవాలి. అప్పు తిరిగి రాబట్టడానికి దావా వేయవచ్చు. దానికి బినామీ చట్టం అడ్డు కాదు గానీ, మామూలుగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. నిజంగా బహుమతే అయితే ఆ మాటే రాసి, ఆస్తి మీద ఆశ అక్కడితో వదులుకోవాలి. పేరున్నవారితో వీలునామా రాయించుకోవడం వారసుల తగాదాను తగ్గిస్తుంది. అయితే వీలునామాను బతికున్నంతకాలం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పైగా అది బినామీ లావాదేవీని సక్రమం చేయదు.

పాత కొనుగోలు మీద తగాదా వచ్చినవారు నోటీసులో మొదటి వాక్యం రాయడానికి ముందే న్యాయవాదితో మాట్లాడటం మంచిది. ఏ ఏడాది కొన్నారు, ఎవరి పేరున కొన్నారు, ఆ డబ్బు ఎలా వెళ్లింది అన్న మూడు ప్రశ్నల మీదే దావా నిలుస్తుందో లేదో ఆధారపడి ఉంటుంది.

అన్నదమ్ముల మధ్య కాగితం అడగడం మన ఇళ్లలో అవమానంగా భావిస్తారు. ఆ మొహమాటం విలువ ఎంతో సాధారణంగా తర్వాతి తరానికి తెలిసొస్తుంది. అప్పటికి మాట ఇచ్చినవారూ, విన్నవారూ ఉండరు. మిగిలేది దస్తావేజు మీది పేరొక్కటే.